పాత పికప్‌కి ఏ గ్రేడ్ ఆయిల్? 5.7 వీ8 ప్రాజెక్టు డైరీ

బండి: 1994 షెవ్రోలే సీ/కే 1500 పికప్. ఇంజన్ 350 స్మాల్ బ్లాక్, అంటే 5.7 లీటర్ల వీ8, టీబీఐ (థ్రాటిల్ బాడీలోనే పెట్రోల్ చిమ్మే) ఇంధన వ్యవస్థ, ఆటోమేటిక్ గేర్‌బాక్స్. మీటరు మీద 2,84,000 కిలోమీటర్లు. ఇంజన్ ఇంతవరకు విప్పిన గుర్తులు లేవు.

ఫిర్యాదులు మూడు. బాగా వేడెక్కాక ఐడిల్‌లో డ్యాష్‌బోర్డు ఆయిల్ గేజ్ ముల్లు అడుగుకు వాలిపోతోంది. పొద్దున స్టార్ట్ చేయగానే ట్యాపెట్లు టకటకమంటాయి. చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టె) వెనక భాగమంతా జిడ్డు. ఇలాంటి బండికి అందరూ ఇచ్చే సలహా ఒకటే: "పాతదైంది కదా, కాస్త చిక్కటి ఆయిల్ పోసెయ్." ఆ సలహా ఈ ఇంజన్‌కి సరిపోతుందా లేదా అని కొలిచి తేల్చడమే ఈ ప్రాజెక్టు. మీటరు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నది ఇక్కడ సాక్ష్యం కాదు. వేడెక్కిన ఇంజన్ ఏ వేగంలో ఎంత ప్రెషర్ నిలుపుతోందన్నదే లెక్క.

ఈ ఇంజన్‌కి తయారీదారు ఇచ్చిన కనీస ప్రెషర్లు, ఇంజన్ పూర్తి వేడి మీద:
1000 ఆర్‌పీఎం దగ్గర 6 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు)
2000 దగ్గర 18 పీఎస్‌ఐ
4000 దగ్గర 24 పీఎస్‌ఐ

ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకి 10 పీఎస్‌ఐ ఉండాలనే మోటు లెక్క రేసింగ్ వాళ్ల దగ్గర మొదలై అందరి నోళ్లలోకీ వచ్చింది. ఉంటే మంచిదే. కానీ ఐడిల్‌లో 8 కనిపించగానే ఇంజన్ పోయిందని కంగారు పడేవాళ్లు ఈ మూడు అంకెలూ రాసి గ్యారేజీ గోడకి అంటించుకోవాలి.

ఒకటో రోజు: ఆయిల్ డబ్బా జోలికి ఇంకా వెళ్లలేదు

చదునైన నేల మీద బండి పెట్టి, ఇంజన్ ఆపిన పది నిమిషాలకి డిప్‌స్టిక్ తీశాం. లెవెల్ ఫుల్ గీతకి పైన ఉంది. ఆయిల్ తాగుతుందనుకున్న బండిలో లెవెల్ ఎక్కువ ఉండటం మంచి శకునం కాదు. కొనను ముక్కు దగ్గర పెడితే పెట్రోల్ వాసన కొట్టింది. రెండు వేళ్ల మధ్య రుద్దితే ఆయిల్‌లా జారాల్సింది నీళ్లలా జారిపోతోంది. పాలరంగు నురగ లేదు, కాబట్టి కూలెంట్ కలవలేదు.

పెట్రోల్ కలిసిన ఆయిల్ తన గ్రేడ్‌ని నిలుపుకోలేదు. కొద్ది శాతం కలిసినా ఒక గ్రేడ్ దాకా పల్చబడుతుంది. డబ్బా మీద 40 అని రాసి ఉన్నా బేరింగ్‌కి అందేది 30 లాంటిదే. ఈ స్థితిలో చిక్కటి ఆయిల్ పోస్తే ఒకటి రెండు వారాలు ముల్లు పైకి లేస్తుంది, ఆ తర్వాత మళ్లీ వాలుతుంది. "ఆయిల్ కంపెనీ బాగోలేదు" అన్న మాట చాలాసార్లు ఇక్కడే పుడుతుంది.

పెట్రోల్ ఎక్కడి నుంచి వస్తోంది? ఎయిర్ క్లీనర్ మూత తీసి, ఇంజన్ ఆపి, టీబీఐలోని రెండు ఇంజెక్టర్ల కొనల వైపు లైటు వేసి చూశాం. చుక్క పడటం లేదు. తర్వాత అనుమానం థర్మోస్టాట్ మీదికి పోయింది. 25 నిమిషాలు నడిపి వచ్చి రేడియేటర్ పై గొట్టం మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెడితే 62 డిగ్రీలు. ఈ ఇంజన్‌కి వేసేది 91 డిగ్రీల థర్మోస్టాట్. విప్పి చూస్తే వాల్వ్ సగం తెరుచుకున్న చోటే బిగుసుకుపోయింది. ఇంజన్ ఎప్పటికీ వేడెక్కకపోతే కంప్యూటర్ అది ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. అందులో కాలనిది రింగుల పక్కనుంచి చాంబర్‌లోకి దిగుతుంది. ఆయిల్ కూడా తగినంత వేడెక్కదు కాబట్టి దిగిన పెట్రోల్, తేమ ఆవిరై బయటికి పోయే దారి లేదు.

కొత్త థర్మోస్టాట్‌ని బిగించే ముందు నీళ్ల గిన్నెలో దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి కాచాం. 90 దాటాక కదిలింది. స్ప్రింగ్ ఉన్న వైపు ఇంజన్‌లోకి ఉండాలి. కొత్త గాస్కెట్ వేసి, పాత గాస్కెట్ ముక్కలు లోపల పడకుండా రంధ్రంలో గుడ్డ కుక్కి గీకాం (మూత పెట్టే ముందు ఆ గుడ్డ తీయడం మర్చిపోకూడదు, నవ్వులాట కాదు).

పీసీవీ వాల్వ్ (క్రాంక్‌కేస్‌లో, అంటే ఇంజన్ అడుగు భాగంలో, చేరే ఆవిర్లని ఇన్‌టేక్‌కి పంపేది) కూడా మార్చాం. పాతదాన్ని ఊపితే గలగలమనలేదు, లోపల మడ్డి పట్టేసింది. పీసీవీ మూసుకుపోతే క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగి ప్రతి సీల్ దగ్గరా ఆయిల్ చెమరుస్తుంది. తెరుచుకునే ఉండిపోతే ఇంజన్ ఆయిల్‌ని పీల్చి కాలుస్తుంది. రెండు లక్షణాలనీ పాత ఇంజన్ అరుగుదల ఖాతాలో రాసేసి చిక్కటి ఆయిల్ పోసేవాళ్లు ఎక్కువ. పార్ట్ చాలా చిన్నది, మార్చడానికి రెండు నిమిషాలు.

రెండో రోజు: నమ్మదగిన గేజ్

డ్యాష్ గేజ్ చూపేది సెండర్ (ఇంజన్ మీది ప్రెషర్ సెన్సర్) పంపే విద్యుత్ సంకేతం. 30 ఏళ్ల సెండర్, తుప్పు పట్టిన కనెక్టర్, బలహీనమైన ఎర్త్, ఈ మూడింటిలో ఏది తేడా చేసినా ముల్లు అబద్ధం చెబుతుంది. అందుకే 0 నుంచి 100 పీఎస్‌ఐ మెకానికల్ గేజ్, గ్లిజరిన్ నింపినది, తాత్కాలికంగా పెట్టాం.

సెండర్ ఉండేది బ్లాక్ వెనక, డిస్ట్రిబ్యూటర్ పక్కన. చెయ్యి దూరడమే కష్టం. సెండర్ కోసం వచ్చే లోతు సాకెట్ లేకుండా మామూలు పానాతో పట్టుకుంటే డబ్బా లాంటి దాని ఒళ్లు నలిగిపోతుంది. ఈ టీబీఐ బండ్లలో ఆయిల్ ప్రెషర్ స్విచ్‌కి ఇంకో పని కూడా ఉంది. పెట్రోల్ పంపు రిలే పోతే ప్రెషర్ రాగానే పంపుకి కరెంటు ఇచ్చే రెండో దారి అదే. కాబట్టి దాన్ని పీకి పక్కన పెట్టకుండా టీ ఫిట్టింగ్ వేసి రెండూ ఉంచాం.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇత్తడి టీ, దాని మీద బరువైన సెండర్, పక్కన గేజ్ గొట్టం, ఇవన్నీ నేరుగా బ్లాక్ మీద వేలాడదీస్తే ఇంజన్ వణుకుడికి మెడ దగ్గర విరుగుతుంది. విరిగితే నిమిషాల్లో చాంబర్ ఖాళీ. చిన్న అల్లిక గొట్టం ఒకటి వేసి టీని ఫైర్‌వాల్ మీద బిగించాం. గేజ్‌కి వెళ్లే సన్న నైలాన్ గొట్టం ఎగ్జాస్ట్‌కి చెయ్యి మందం దూరంలోనైనా ఉండాలి, లేకపోతే కరుగుతుంది. మరల దగ్గర టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు మొదటి రెండు మరలూ వదిలేయాలి. టేపు పీలిక తెగి లోపలికి పోతే అదే దారి మూసేస్తుంది.

కొలిచే పద్ధతి ముందే రాసుకున్నాం, ప్రతి ఆయిల్‌కీ ఇదే. 30 నిమిషాల నడక, అందులో 15 నిమిషాలు హైవే వేగం. ఐడిల్‌లో పది నిమిషాలు ఉంచితే కూలెంట్ వేడెక్కుతుంది కానీ ఆయిల్ వెనకబడి ఉంటుంది, ఆ రీడింగ్ ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. వచ్చాక పార్క్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, 600, 1000, 2000, 3000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో దానికి 20 సెకన్లు. ఆర్‌పీఎం కోసం ట్యాకోమీటర్ ఉన్న టైమింగ్ లైట్ వాడాం.

పాత ఆయిల్‌తో, కొత్త థర్మోస్టాట్ పెట్టాక వచ్చిన అంకెలు:
600 దగ్గర 7, 1000 దగ్గర 11, 2000 దగ్గర 22, 3000 దగ్గర 29 పీఎస్‌ఐ.

డ్యాష్ గేజ్ సున్నాకి ఆనుకుని చూపిన చోట అసలు ప్రెషర్ 7. పెట్రోల్ కలిసిన ఆయిల్‌తో కూడా ఈ ఇంజన్ తయారీదారు గీతకి పైనే ఉంది. ఇది తెలియకుండా 20డబ్ల్యూ-50 లాంటి బాగా చిక్కటి ఆయిల్ పోసేసి ఉంటే?

మూడో రోజు: దింపడం, ఫిల్టర్ కోయడం, 10డబ్ల్యూ-30 నింపడం

బండి పది నిమిషాలు నడిపి, గోరువెచ్చగా దాటి కాస్త వేడిగా ఉన్నప్పుడు డ్రెయిన్ ప్లగ్ విప్పాం. పూర్తి వేడి మీద విప్పితే చేతులు కాలతాయి, చల్లగా ఉంటే మడ్డి అడుగునే ఉండిపోతుంది. దిగిన ఆయిల్‌ని కొలత డబ్బాలో పోస్తే ఫిల్టర్‌తో కలిపి 5 లీటర్లు. ఈ ఇంజన్ పట్టేది ఫిల్టర్‌తో కలిపి 4.7 లీటర్లు. మిగతా 0.3 లీటర్లలో ఎంత పెట్రోలో, ఎంత ఎక్కువ పోసిన ఆయిలో విడదీసి చెప్పలేం కానీ, వాసన సాక్ష్యం చాలు.

పాత ఫిల్టర్‌ని రింగ్ కట్టర్‌తో కోశాం. రంపంతో కోస్తే రంపపు పొడే లోపల పడి బేరింగ్ పొడిలా కనిపిస్తుంది. కాగితం మడతల్ని విప్పి ఎండలో చూస్తే సన్నని ఇనుప ధూళి కాస్త, అయస్కాంతానికి అంటుకునేది. రాగి రంగు రేకులు లేవు. రాగి మెరుపు కనిపించి ఉంటే ఈ డైరీ ఇక్కడితో ఆగి, బేరింగ్‌ల డైరీ మొదలయ్యేది. పై పూత అరిగి కిందున్న రాగి పొర బయటపడ్డ బేరింగ్‌ని ఏ ఆయిల్ కూడా కాపాడదు.

కొత్త ఫిల్టర్ రబ్బరు రింగ్‌కి వేలితో కొత్త ఆయిల్ రాసి, ఆనిన దగ్గర నుంచి ముప్పావు చుట్టు చేత్తోనే బిగించాం. పాత రింగ్ బ్లాక్‌కి అంటుకుని ఉండిపోలేదు కదా అని ముందు తడిమి చూడాలి. రింగ్ మీద రింగ్ పడితే స్టార్ట్ చేసిన అర నిమిషంలో నేలంతా ఆయిల్. డ్రెయిన్ ప్లగ్ 25 న్యూటన్ మీటర్లు. అంతకు మించి బిగిస్తే చాంబర్ మరలు పోతాయి.

మొదట పోసింది ఇంజన్ పుస్తకంలో చెప్పిన గ్రేడే, 10డబ్ల్యూ-30, మామూలు పెట్రోల్ ఇంజన్ ఆయిల్, ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్‌పీ ప్రమాణం. 4.2 లీటర్లు పోసి, స్టార్ట్ చేసి, ప్రెషర్ రాగానే అర నిమిషం ఉంచి ఆపి, పది నిమిషాలాగి డిప్‌స్టిక్ చూసి మిగతా 0.5 పోశాం.

పూర్తి వేడిలో: 600 దగ్గర 12, 1000 దగ్గర 19, 2000 దగ్గర 34, 3000 దగ్గర 43.

చిక్కటి గ్రేడ్‌కి పోకుండానే, పెట్రోల్ కలవని ఆయిల్ వేసినందుకే 1000 దగ్గర 11 కాస్తా 19 అయింది.

డబ్బా మీది అంకెల గురించి, ఒకసారి తేల్చి పెట్టుకుందాం

10డబ్ల్యూ-30లో 10డబ్ల్యూ చలిలో ప్రవర్తన, 30 వేడిలో ప్రవర్తన. డబ్ల్యూ అంటే వింటర్. రెండూ వేర్వేరు పరీక్షలు. "చల్లగా 10, వేడయ్యాక 30 చిక్కగా మారుతుంది" అనేది తప్పు. వేడయ్యే కొద్దీ ప్రతి ఆయిలూ పల్చబడుతుంది. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడ్‌లా మిగులుతుంది, అంతే.

ఆయిల్ గ్రేడ్లని నిర్ణయించే ఎస్‌ఏఈ జె300 పట్టిక ప్రకారం 100 డిగ్రీల దగ్గర చిక్కదనం, సెంటీస్టోక్స్‌లో: 30 గ్రేడ్ 9.3 నుంచి 12.5 లోపు, 40 గ్రేడ్ 12.5 నుంచి 16.3 లోపు, 50 గ్రేడ్ 16.3 నుంచి 21.9 లోపు. గమనించాల్సింది ఏమిటంటే ఒక్కో గ్రేడ్ ఒక చుక్క కాదు, ఒక గీత. 12.3 ఉన్న "30"కి, 12.7 ఉన్న "40"కి మధ్య తేడా డబ్బాల రంగులో తప్ప ఇంజన్‌లో కనిపించదు. అందుకే డబ్బా ముందు వైపు చూసి ఆగకుండా, కంపెనీ ఇచ్చే డేటా షీట్‌లో 100 డిగ్రీల అంకె చూడాలి. హై మైలేజ్ అని అమ్మే ఆయిల్స్‌లో చాలావరకు ఆ గీత పై అంచుకు దగ్గరగా ఉంటాయి. సీల్ రబ్బరుని మెత్తబరిచే పదార్థాలు కూడా వాటిలో ఉంటాయి.

చలి వైపు: స్టార్టర్ తిప్పగలిగేంత పల్చగా ఉందా అనే పరీక్ష 10డబ్ల్యూకి మైనస్ 25 డిగ్రీల దగ్గర, 15డబ్ల్యూకి మైనస్ 20, 20డబ్ల్యూకి మైనస్ 15. పంపు లాగగలదా అనే పరీక్ష ఒక్కోదానికి ఇంకో 5 డిగ్రీలు కింద. కాబట్టి గడ్డకట్టే చలి ఎరగని చోట 10డబ్ల్యూ, 15డబ్ల్యూ మధ్య "పంపు లాగలేదు" అనే భయం అక్కర్లేదు. ఎంత త్వరగా పైకి చేరుతుందన్న తేడా మాత్రం ఉంటుంది, అది కింద కొలిచాం.

డబ్బా మీద కనిపించని మూడో అంకె అన్నిటికంటే ముఖ్యం. 150 డిగ్రీల వేడిలో, బేరింగ్‌లో నలిగే వేగంలో ఆయిల్ ఎంత చిక్కగా మిగులుతుందన్న కొలత, హెచ్‌టీహెచ్‌ఎస్. 30 గ్రేడ్‌కి కనీసం 2.9. 40 గ్రేడ్‌లో 10డబ్ల్యూ-40కి కనీసం 3.5, 15డబ్ల్యూ-40కి 3.7. 50 గ్రేడ్‌కి కూడా 3.7. క్రాంక్ జర్నల్‌కీ బేరింగ్‌కీ మధ్య నిలిచే పొర మందాన్ని చెప్పేది ఇదే. బరువు లాగే బండికి చూడాల్సిన అంకె ఇదే.

పదకొండో రోజు: 15డబ్ల్యూ-40 ప్రయోగం

1,100 కిలోమీటర్ల తర్వాత 10డబ్ల్యూ-30 దించాం. కొత్త ఆయిల్ పారేసినట్టే అనిపిస్తుంది, కానీ థర్మోస్టాట్ మార్చాక పెట్రోల్ ఇంకా దిగుతోందా అని చూడటానికి కూడా ఇది పనికొచ్చింది. లెవెల్ పెరగలేదు, కొద్దిగా తగ్గింది. టాప్ అప్ 0.6 లీటర్లు. వాసన లేదు.

తర్వాత పోసింది డీజిల్ ఇంజన్లకూ వాడే హెవీ డ్యూటీ 15డబ్ల్యూ-40, ఏపీఐ డీజిల్ ఆయిల్ ప్రమాణం సీకే-4.

పూర్తి వేడిలో: 600 దగ్గర 16, 1000 దగ్గర 26, 2000 దగ్గర 43, 3000 దగ్గర 52.

అంకెలు చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఆగాలి. ఆయిల్ పంపు తిరిగిన ప్రతి చుట్టుకీ ఇంచుమించు అంతే ఆయిల్ తోస్తుంది. ప్రెషర్ అంటే ఆ ఆయిల్ బేరింగ్ సందుల్లోంచి బయటికి పోవడానికి ఎంత ఇబ్బంది పడుతోందన్న కొలత. పంపులో ఒక రిలీఫ్ వాల్వ్ ఉంటుంది. ప్రెషర్ దాని హద్దుకి చేరితే అది తెరుచుకుని, అదనపు ఆయిల్‌ని బేరింగ్‌లకి పంపకుండానే వెనక్కి వదిలేస్తుంది. 3000 దగ్గర 52కి చేరిన ముల్లు 3500 దాకా తీసుకెళ్లినా 54 దగ్గరే నిలబడింది. అంటే అక్కడ వాల్వ్ తెరుచుకుంటోంది. ఆ స్థాయి దాటాక ఇంకా చిక్కటి ఆయిల్ పోస్తే గేజ్ ముల్లు సంతోషంగా ఉంటుంది, బేరింగ్ గుండా పారే ఆయిల్ తగ్గుతుంది. ఆ పారే ఆయిలే బేరింగ్ వేడిని మోసుకెళ్లేది.

ఇంకో లెక్క కూడా ఇక్కడే చెప్పుకోవాలి, పాత ఇంజన్లకి చిక్కటి ఆయిల్ వైద్యం ఎందుకు సగమే పనిచేస్తుందో ఇది చెబుతుంది. బేరింగ్ సందు నుంచి కారిపోయే ఆయిల్, ఆ సందు మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. సందు ఒకటిన్నర రెట్లయితే కారేది సుమారు 3.4 రెట్లు. రెండింతలైతే ఎనిమిది రెట్లు. 10.5 సెంటీస్టోక్స్ ఉన్న 30 నుంచి 14.5 ఉన్న 40కి మారితే చిక్కదనం పెరిగేది 1.4 రెట్లే. ఈ ఇంజన్‌లో కనెక్టింగ్ రాడ్ బేరింగ్ సందుకి తయారీదారు అనుమతించిన హద్దు 0.033 నుంచి 0.089 మిల్లీమీటర్లు. నిజంగా ఆ పై హద్దు దాటిన ఇంజన్‌కి గ్రేడ్ మార్చడం కాలు విరిగినవాడికి బూట్లు మార్చడమే.

పన్నెండో రోజు: చలి పరీక్ష

రాత్రంతా 3 డిగ్రీల్లో బయట నిలిచిన బండి. స్టార్టర్ ఆడించిన క్షణం నుంచి గేజ్ ముల్లు కదిలే దాకా, ట్యాపెట్ల చప్పుడు ఆగే దాకా ఫోన్‌లో వీడియో తీసి సెకన్లు లెక్కపెట్టాం.

10డబ్ల్యూ-30తో (దించక ముందు, అదే చలిలో): ముల్లు కదలడానికి ఒకటిన్నర సెకను, చప్పుడు ఆగడానికి రెండున్నర.
15డబ్ల్యూ-40తో: ముల్లు రెండున్నర సెకన్లు, చప్పుడు ఆరు సెకన్ల దాకా.

హైడ్రాలిక్ ట్యాపెట్ లోపల సన్న దారుల్లోంచి ఆయిల్ నిండాలి. చిక్కగా ఉంటే నిండటానికి అంత సేపు. ఒకసారికి మూడు నాలుగు సెకన్లు పెద్ద విషయం కాదు. రోజుకి నాలుగుసార్లు చల్లగా స్టార్ట్ అయ్యే బండికి అదే రోజూ జరుగుతుంది. పైగా చల్లటి చిక్కటి ఆయిల్ ఫిల్టర్ కాగితంలోంచి దూరలేక బైపాస్ వాల్వ్ తెరుచుకుంటే వడపోత లేని ఆయిలే ఇంజన్‌కి వెళ్తుంది. ఈ బ్లాక్‌లో ఆ బైపాస్ ఫిల్టర్‌లో కాదు, ఫిల్టర్ బిగించే చోట బ్లాక్‌లోనే ఉంటుంది. కాబట్టి "మంచి ఫిల్టర్ కొన్నాం కదా" అంటే కుదరదు.

చల్లగా ఉన్నప్పుడు గేజ్ 55 చూపిస్తే "బ్రహ్మాండంగా ఉంది" అనుకోవద్దు. అది ఆయిల్ ముద్దగా ఉందని చెప్పడం, పైకి చేరిందని కాదు.

పద్నాలుగో రోజు: ట్యాపెట్ల సంగతి

గ్రేడ్ ఒక్కటే చూసి ఆగితే ఈ ఇంజన్‌కి అన్యాయం జరుగుతుంది. 1995 దాకా వచ్చిన ఈ టీబీఐ ట్రక్ ఇంజన్లలో ట్యాపెట్ అడుగు చదునుగా ఉండి క్యామ్ (వాల్వ్‌లని ఎత్తే ఇరుసు) మీద రాసుకుంటుంది. 1996లో వచ్చిన వోర్టెక్‌లో రోలర్ ట్యాపెట్లు పెట్టారు. రాసుకునే చోట లోహానికీ లోహానికీ మధ్య చివరి కాపుదల జింక్, ఫాస్ఫరస్ కలిసిన జడ్‌డీడీపీ అనే పదార్థం.

ఈ బండి వచ్చిన కాలంలో కార్ల కంపెనీల ఆయిల్ ప్రమాణం ఐఎల్‌ఎస్‌ఏసీ జీఎఫ్-1 ప్రకారం ఆయిల్‌లో ఫాస్ఫరస్ హద్దు 0.12 శాతం. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాపాడటానికి అది తగ్గుతూ వచ్చి, 2004 నాటి జీఎఫ్-4తో 0.08 అయింది. ఈ తక్కువ హద్దు వర్తించేది 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పల్చటి గ్రేడ్లకే. 10డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40లకి పెట్రోల్ ఆయిల్ ప్రమాణంలో ఆ కట్టుబాటు లేదు. సీకే-4 డీజిల్ ఆయిల్‌కి హద్దు 0.12.

వాడకంలో అరిగి కుదురుకున్న క్యామ్‌కి 0.08 ఉన్న ఆయిల్ కూడా సాధారణంగా సరిపోతుంది, వాల్వ్ స్ప్రింగులు కంపెనీవే అయితే. కొత్త క్యామ్ వేసి రన్ ఇన్ చేసేటప్పుడు మాత్రం అస్సలు రాజీ పడకూడదు, మొదటి 20 నిమిషాల్లోనే లోబ్ (క్యామ్ మీది ఉబ్బు) గుండ్రమైపోతుంది. ఇక్కడ క్యామ్ పాతదే. అయినా బరువు లాగే బండి కాబట్టి ఎక్కువ వైపే మొగ్గాం. సీసాల్లో విడిగా అమ్మే జింక్ కలపలేదు. ఆయిల్ కంపెనీ తూచి కలిపిన దాంట్లో మన చేత్తో ఇంకోటి పోస్తే మడ్డిని కరిగించే పదార్థాలతో దాని పొత్తు ఎలా ఉంటుందో చూసేవాడు లేడు. మరో మాట: కన్వర్టర్ ఉన్న బండి ఆయిల్ బాగా తాగుతుంటే, ఫాస్ఫరస్ ఎక్కువున్న ఆయిల్ కన్వర్టర్‌ని త్వరగా చంపుతుంది. ముందు తాగడం ఆపాలి.

ఇరవై ఆరో రోజు: నిర్ణయం

15డబ్ల్యూ-40తో 1,400 కిలోమీటర్లకి టాప్ అప్ 0.6 లీటర్లు. 10డబ్ల్యూ-30తో 1,100కి అంతే పోశాం. తేడా ఉంది, పెద్దది కాదు. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్క నీలి పొగ గుప్పున వచ్చి ఆగిపోతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు పొగ లేదు. అంటే రింగులు కావు, వాల్వ్ గైడ్ సీల్స్ ఎండిపోయాయి. గట్టిపడ్డ రబ్బరు పక్కనుంచి 30 ఎంత కారుతుందో 40 కూడా దాదాపు అంతే కారుతుంది.

చివరికి పోసింది హెవీ డ్యూటీ 10డబ్ల్యూ-30, సీకే-4. ఇది చాలామందికి తట్టని దారి. సీకే-4 ప్రమాణం 30 గ్రేడ్ ఆయిల్‌కి కూడా హెచ్‌టీహెచ్‌ఎస్ కనీసం 3.5 ఉండాలంటుంది. అంటే చలిలో 10డబ్ల్యూ వేగం, బేరింగ్‌లో మామూలు 40 గ్రేడ్‌కి సాటి పొర. కొనే ముందు డేటా షీట్‌లో హెచ్‌టీహెచ్‌ఎస్, ఫాస్ఫరస్ వరుసలు రెండూ చూడాలి. అదే షెల్ఫ్‌లో ఎఫ్‌ఏ-4 అని ఉన్న 10డబ్ల్యూ-30 కూడా ఉంటుంది, డబ్బా ఇంచుమించు అలాగే ఉంటుంది. అది 2.9 నుంచి 3.2 మధ్య ఉండే పల్చటి రకం, కొత్త డీజిల్ ఇంజన్ల కోసం చేసింది. ఈ ఇంజన్‌కి అది వద్దు.

పూర్తి వేడిలో: 600 దగ్గర 13, 1000 దగ్గర 21, 2000 దగ్గర 36, 3000 దగ్గర 45. చల్లటి స్టార్ట్‌లో చప్పుడు మూడు సెకన్లకి ఆగింది.

ఈ ఇంజన్ వరకు గీసుకున్న గీతలు: వేడి మీద 1000 ఆర్‌పీఎం దగ్గర 15కి పైన ఉన్నంతకాలం ఇదే ఆయిల్. 15కి, 10కి మధ్యకి దిగితే ముందు పెట్రోల్ వాసన, థర్మోస్టాట్, ఆ తర్వాతే 15డబ్ల్యూ-40. ఎండాకాలంలో ట్రైలర్ లాగే వారాలుంటే ఆ సీజన్‌కి ముందే 15డబ్ల్యూ-40కి మారడం తప్పేమీ కాదు. 10 కిందికి దిగితే చాంబర్ దించి పంపు జాలీలో మడ్డి, రాడ్ బేరింగ్‌లు చూడాలి. 6 దాకా ఆగకూడదు. 20డబ్ల్యూ-50 ఈ పట్టికలో ఎక్కడా రాదు.

టాప్ అప్‌కి అదే ఆయిల్ అందకపోతే 15డబ్ల్యూ-40 అర లీటరు కలిపినా నష్టం లేదు, రెండూ కలుస్తాయి. తక్కువ లెవెల్‌తో నడపడం కన్నా అది నయం.

ఇరవై ఏడో రోజు: చాంబర్ వెనక జిడ్డు

వెనక మెయిన్ సీల్ అనుకుని గేర్‌బాక్స్ దించే ముందు, డిగ్రీజర్‌తో కడిగి, ఆరాక తెల్ల పౌడర్ చల్లి 40 కిలోమీటర్లు నడిపాం. తడి గీత మొదలైంది బెల్ హౌసింగ్ (ఇంజన్‌కి గేర్‌బాక్స్ కలిసే చోటి గుల్ల) దగ్గర కాదు, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ వెనక అంచున, బ్లాక్ మీంచి కిందికి దిగుతూ. మెయిన్ సీల్ పొడిగా ఉంది. ఈ ఇంజన్లలో ఈ రెంటికీ పొరపాటు పడటం మామూలే, ఎందుకంటే చివరికి రెండూ ఒకే చోట చుక్క వేస్తాయి.

వచ్చే వారం పనులు: ఇన్‌టేక్ వెనక అంచు. రబ్బరు పట్టీ బదులు సిలికాన్ సీలెంట్, ఐదు మిల్లీమీటర్ల గీత, మూలల్లో గాస్కెట్ మీదికి కాస్త ఎక్కించి. దానితో పాటే వాల్వ్ గైడ్ సీల్స్ 16, హెడ్ దించకుండా స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి గాలి నింపి వాల్వ్‌ని పట్టి ఉంచి మార్చే పద్ధతిలో. అది అయ్యాక మళ్లీ 1,000 కిలోమీటర్ల టాప్ అప్ లెక్క.

ఆయిల్ మార్పు 5,000 కిలోమీటర్లకి. ఆ రోజు దించే ముందు నాలుగు ఆర్‌పీఎంల రీడింగ్ తీసి ఈ అంకెల పక్కనే రాయాలి. మెకానికల్ గేజ్ తీసేయడం లేదు.